చినుకుల లెక్క: సీటీ స్కాన్ మోతాదు తగ్గిన చరిత్ర

2021 ఏప్రిల్ నెలాఖరు, కోవిడ్ రెండో ఉధృతి. విజయవాడ భవానీపురంలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఫోను వెళ్తే ఆ రోజుల్లో అడిగిన మొదటి మాట "జ్వరం తగ్గిందా?" అని కాదు, "స్కోరెంత?" అని. స్కోరంటే ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో వచ్చిన అంకె. కుడివైపు మూడు, ఎడమవైపు రెండు, మొత్తం ఐదు తమ్మెలు. ఒక్కో తమ్మెలో జబ్బు ఎంత మేర పాకిందో చూసి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. కూడితే ఇరవై ఐదుకు ఇంత అని. ఎనిమిది వస్తే ఇంటిపట్టున ఉండి మందులు మింగడం, పద్దెనిమిది వస్తే ఆస్పత్రిలో మంచం కోసం తిరగడం. ముక్కులో పుల్ల పెట్టి తీసిన పరీక్ష ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూస్తున్న కాలంలో స్కాన్ అదే పూట జవాబు చెప్పింది. అందుకే జనం దాన్ని నమ్ముకున్నారు.

అంతకు ఏడాది ముందు, 2020 ఏప్రిల్‌లో, విజయవాడలో కట్టడి ప్రాంతాలుగా మూసిన పేటల్లో భవానీపురం కూడా ఉంది. రెండో ఉధృతి నాటికి దారులు తెరిచే ఉన్నాయి. ఆరు నెలల కిందట, 2020 అక్టోబరులో మొదలైన కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా, ఎడమపక్క ఇంద్రకీలాద్రి, కుడిపక్క కృష్ణ కనబడుతుండగా, జనం సూర్యారావుపేట దారి పట్టారు. డాక్టర్లూ ల్యాబులూ స్కానింగ్ సెంటర్లూ వీధికి వీధి నిండిన పేట అది. ఊపిరితిత్తుల స్కాన్‌కు 3,000 రూపాయలకు మించి తీసుకోకూడదని రాష్ట్ర ప్రభుత్వం ధర కట్టింది. డబ్బుకు హద్దు ఏర్పడింది. ఒంట్లోకి వెళ్లే రేడియేషన్ మాటేమిటన్న ప్రశ్న మాత్రం ఆ హడావుడిలో వెనకబడింది.

ఆ ప్రశ్నను దేశం ముందు పెట్టినవారు అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు రణదీప్ గులేరియా. మే 3న విలేకరులతో మాట్లాడుతూ, లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్లు స్కాన్‌కు పరుగెత్తవద్దని, ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని ఆయన అన్నారు. రేడియాలజిస్టుల సంఘం, ఇండియన్ రేడియలాజికల్ అండ్ ఇమేజింగ్ అసోసియేషన్, వెంటనే ఖండించింది. ఆ పోలిక ముప్పై నలభై ఏళ్ల కిందటి యంత్రాలకు చెల్లుతుందని, ఇప్పటి అతి తక్కువ మోతాదు స్కాన్ ఐదు నుంచి పది ఎక్స్‌రేలకు మించదని ఆ సంఘం చెప్పింది. పెద్ద డాక్టర్లే ఒకరు మూడు వందలని, ఒకరు ఐదని అంటే, చేతిలో డాక్టరు చీటీ పట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కబోతున్న మనిషి ఎవరి మాట వినాలి?

లెక్క వేస్తే ఇద్దరి అంకెలూ నిలుస్తాయి. ఒంటికి తగిలే రేడియేషన్ ప్రభావాన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. నేల, ఆకాశం, తినే తిండి, పీల్చే గాలి, అన్నిటి నుంచీ ఏడాదికి మనిషికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ అందుతాయి. ఎదురుగా నిలబెట్టి తీసే ఒక ఛాతీ ఎక్స్‌రే సుమారు 0.02. మామూలు అమరికతో తీసే ఛాతీ సీటీ సుమారు 7. ఏడును 0.02తో భాగిస్తే 350. ఇది గులేరియా అంకె. అదే ఛాతీని బాగా తగ్గించిన అమరికతో తీస్తే 0.1 నుంచి 0.2. భాగిస్తే ఐదు నుంచి పది. ఇది సంఘం అంకె. అయితే సంఘం మాటలో ఒకచోట నాకు అభ్యంతరం ఉంది. ఏడు మిల్లీసీవర్ట్‌లు నలభై ఏళ్ల నాటి సంగతి కాదు. అమరిక మార్చకుండా మీట నొక్కితే కొత్త యంత్రం మీద కూడా దాని దరిదాపుల్లోకి వెళ్లవచ్చు. యంత్రం పుట్టిన ఏడాది ఒక్కటే చాలదు. దాన్ని ఆ రోజు, ఆ రోగికి ఎలా నడిపారన్నది కూడా తెలియాలి. ఈ మూడు వందలకూ ఐదుకూ మధ్య యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

ఆ చరిత్రను మన డెల్టాలో పుట్టిన ఒక మనిషి జీవితం పక్కన పెట్టి చూడవచ్చు. కూచిపూడికి దగ్గరలోని పెదముత్తేవిలో 1925 జనవరి 25న కాకర్ల సుబ్బారావు పుట్టారు. రాంట్‌గెన్ ఎక్స్‌రేను కనుక్కుని అప్పటికి ముప్పై ఏళ్లే. సుబ్బారావు విశాఖపట్నంలోని ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, 1951లో అమెరికా వెళ్లి రేడియాలజీ నేర్చుకుని, 1956లో తిరిగొచ్చి హైదరాబాదులో ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఆ శాఖను నడిపారు. ఎముకల జబ్బులను ఎక్స్‌రేలో చదవడం ఆయన ప్రత్యేకత. ఆ తరం రేడియాలజిస్టులు నీడలు చదివేవాళ్లు. ముందున్న అవయవం, వెనకున్న అవయవం, మధ్యలో ఎముక, అన్నీ ఒకే ఫిల్మ్ మీద ఒకదానిపై ఒకటి పడేవి. ఎముక తెల్లగా తేలేది కనుక దాన్ని చదవగలిగేవాళ్లు. పుర్రె లోపలి మెదడు మాత్రం అందేది కాదు.

మెదడులో గడ్డ ఉందేమోనన్న అనుమానం వస్తే ఆనాటి దారులు రోగికి నరకం. వెన్నులో సూది గుచ్చి, మెదడు చుట్టూ ఉండే నీటిని తీసి, అక్కడికి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవాళ్లు. గాలి నిండిన ఖాళీలు పక్కకు ఒరిగాయంటే అవతలి వైపు నుంచి ఏదో నెడుతోందని ఊహించేవాళ్లు. రోజుల తరబడి తలపోటు, వాంతులు. లేదంటే మెడ దగ్గర రక్తనాళంలోకి మందు ఎక్కించి నాళాల వంకరలు చూసి గడ్డ జాడ పట్టేవాళ్లు. సీటీ వచ్చాక గాలి ఎక్కించే పద్ధతి కొద్ది ఏళ్లలోనే కనుమరుగైంది. రేడియేషన్ గురించి ఎంత మాట్లాడినా, ఈ యంత్రం మనుషుల ఒంటి మీద నుంచి ఎంత బాధను ఎత్తివేసిందో ముందు చెప్పుకోవాలి.

లండన్ శివార్లలో ఈఎంఐ అనే సంస్థ పరిశోధనశాలలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఈ యంత్రాన్ని తయారు చేశాడు. ఒక వస్తువును అన్ని కోణాల నుంచీ కిరణాలతో కొలిస్తే, ఆ కొలతలను కలిపి లోపలి పొరను లెక్కగట్టవచ్చన్నది ఆలోచన. ఆ లెక్క సాధ్యమేనని 1917లోనే ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడాన్ నిరూపించాడు. కేప్‌టౌన్‌లో పనిచేసిన అలన్ కార్మాక్ 1963, 1964లలో దాన్ని వైద్యానికి అన్వయిస్తూ వ్యాసాలు ప్రచురించాడు. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. హౌన్స్‌ఫీల్డ్ తన ప్రయోగశాలలో తీసిన మొదటి చిత్రానికి కొలతలు తీసుకోవడానికే తొమ్మిది రోజులు పట్టింది. కొలతలు 28,000. 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో డాక్టర్ జేమ్స్ ఆంబ్రోస్‌తో కలిసి తొలిసారి ఒక రోగి తలను స్కాన్ చేశారు. అడ్డం 80 గడులు, నిలువు 80 గడుల చిత్రం. మెదడు ముందుభాగంలో ఎడమవైపు గడ్డ స్పష్టంగా కనబడింది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1,000 అని ఇవాళ రేడియాలజిస్టులు వాడే కొలమానానికి హౌన్స్‌ఫీల్డ్ పేరే ఉంది. 1979 నోబెల్‌ను ఆయనా కార్మాకూ పంచుకున్నారు.

సుబ్బారావు 1970లో మళ్లీ అమెరికా వెళ్లారు. 1973లో అక్కడి మేయో క్లినిక్‌కు ఈఎంఐ యంత్రం చేరింది. ఆయన న్యూయార్కులో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో బోధించిన ఏళ్లూ, ఎక్స్‌రే గదుల పక్కన సీటీ గదులు వెలసిన ఏళ్లూ ఒకటే. నీడలు చదవడం నేర్చిన తరం పొరలు చదవడానికి అలవాటు పడింది.

అదే 1971లో ఇంకో పని జరిగింది. దాని గురించి మన దేశంలో చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదని నా అభిప్రాయం. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చేరిన భౌతిక శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్‌తో కలిసి అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. కొలతల నుంచి పొరను తిరిగి కట్టడానికి వేగవంతమైన పద్ధతి అందులో ఉంది. రేడియో ఖగోళ శాస్త్రంలో ఇలాంటి ఆలోచనే నాలుగేళ్ల ముందు వచ్చింది. అయినా సీటీ ప్రపంచంలో ఆ గణిత సాధనానికి ఇద్దరి పేర్లూ కలిపి రామ్-లాక్ ఫిల్టర్ అనే పేరు స్థిరపడింది.

దాని పని తీరు ఇలా ఉంటుంది. ఒక్కో కోణంలో పడిన నీడను, వచ్చిన దారినే వెనక్కి తడి రంగులా పులిమితే, అన్ని కోణాల పూతలూ కలిసిన చోట వస్తువు ఆకారం తేలుతుంది. కానీ అది అద్దుడు కాగితం మీద సిరాచుక్కలా అలుక్కుపోయి ఉంటుంది. పులమడానికి ముందే ప్రతి నీడ అంచులనూ గణితంతో చెక్కితే ఆ అలుకుడు పోతుంది. హౌన్స్‌ఫీల్డ్ మొదట వాడింది వేరే దారి: ఊహించు, సరిచూడు, దిద్దు, మళ్లీ ఊహించు. ఆ పద్ధతిని పెద్ద చిత్రాలకు సాగదీస్తే ఆనాటి కంప్యూటర్లు మోయలేకపోయేవి. అందుకే చెక్కి పులిమే పద్ధతి రాజ్యానికి వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ప్రపంచంలోని స్కాన్‌లన్నిటినీ దాదాపు ఒంటిచేత్తో నడిపింది. దాని బలహీనత దాని బలంలోనే ఉంది. అంచులను చెక్కే ఉలి, కొలతల్లోని పొరపాట్లను కూడా అంతే పదునుగా చెక్కుతుంది.

ఆ పొరపాట్లు ఎక్కడివి? యంత్రం లోపం కాదు, ప్రకృతి స్వభావం. ఎక్స్‌రే గొట్టపు నీళ్లలా ధారగా రాదు, వానలా చినుకులుగా వస్తుంది. ఆ చినుకులే ఫోటాన్లు. వాకిట్లో రెండు బండలున్నాయనుకోండి. నాలుగు తుంపరలు పడినప్పుడు ఒక బండ మీద ఏడు చుక్కలు, పక్క బండ మీద పన్నెండు. రెండింటి మీదా కురిసింది ఒకే వానైనా ఒకటి ఎక్కువ తడిసినట్టు కనబడుతుంది. జోరువానలో ఆ తేడా మాసిపోతుంది. వంద చినుకులు పడేచోట పది అటూ ఇటూ అవుతాయి, అంటే వందకు పది పొరపాటు. నాలుగు వందలు పడితే ఇరవై అటూ ఇటూ, అంటే వందకు ఐదు. పొరపాటు సగం కావాలంటే చినుకులు నాలుగింతలు కావాలి. సీటీ చిత్రం మీద ఈ హెచ్చుతగ్గులు ఇసుక చల్లినట్టు గరుకుగా కనబడతాయి. స్కానింగ్ గదిలో దాన్ని నాయిస్ అంటారు. గరుకు సగానికి తగ్గాలంటే రోగి నాలుగింతల రేడియేషన్ భరించాలి. సీటీ చరిత్ర అంతా ఈ ఒక్క లెక్కతో పెనుగులాట.

పొరను సన్నగా కోసినా ఇదే చిక్కు. 5 మిల్లీమీటర్ల మందాన ఉన్న పొరను 1.25కి తగ్గిస్తే వివరం పెరుగుతుంది, కానీ ఆ పొర వాటాకు వచ్చే చినుకులు నాలుగోవంతే. గరుకు రెట్టింపవుతుంది. పాత నునుపు కావాలంటే మోతాదు నాలుగింతలు చెయ్యాలి. సన్నని పొర, నున్నని చిత్రం, తక్కువ మోతాదు: ఇందులో మొదటి రెండింటినే ఎంచుకుని, మూడోదాన్ని తరవాత చూద్దామన్న కాలం ఒకటి నడిచింది.

1980ల చివర నుంచి 2000ల నడుమ దాకా ఆ కాలం. తీగలు చుట్టుకుపోకుండా ఎక్స్‌రే ట్యూబు ఆగకుండా తిరిగే ఏర్పాటు 1987లో వచ్చింది. 1989లో విల్లీ కాలెండర్, రోగి బల్ల కదులుతుండగానే తిరుగుతూ తీసే స్పైరల్ పద్ధతిని చూపించాడు. ఒక్కసారి ఊపిరి బిగపట్టేలోపు ఛాతీ అంతా తీయడం వీలైంది. 1998కి ఒక చుట్టుకు నాలుగు పొరలు, 2004కి అరవై నాలుగు, 2007కి మూడు వందల ఇరవై వరుసలు. వాయువు నింపిన డిటెక్టర్ల స్థానంలో, ఎక్కువ చినుకులను పట్టే గట్టి పదార్థపు డిటెక్టర్లు వచ్చాయి. ఇవన్నీ గొప్ప అడుగులే. గుండె కొట్టుకుంటుండగా దాని రక్తనాళాలు కనబడతాయని 1971లో ఎవరూ అనుకుని ఉండరు. కానీ మోతాదు తగ్గించే వీలు దొరికిన ప్రతిసారీ ఆ ఆదాను వేగం మీద, సన్నదనం మీద, నునుపు మీద ఖర్చు పెట్టారు. రోగి ఖాతాలో పడింది తక్కువ. చిత్రం అందంగా ఉంటే రేడియాలజిస్టు మెచ్చుకుంటాడు, గరుకుగా ఉంటే మళ్లీ తీయమంటాడు. ఎక్కువైన మోతాదుకు అరిచే నోరు లేదు.

ఆ నోరు 2001లో పుట్టింది. ఫిబ్రవరిలో అమెరికన్ రేడియాలజీ పత్రిక ఒకే సంచికలో పిల్లల సీటీ మీద వ్యాసాలు ప్రచురించింది. డేవిడ్ బ్రెన్నర్ బృందం, పిల్లలకు స్కాన్ వల్ల తరవాతి జీవితంలో క్యాన్సర్ వచ్చే అవకాశం పెద్దల కంటే గణనీయంగా ఎక్కువని లెక్కగట్టింది. ఇంకో వ్యాసం చెప్పింది వింటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది: చాలాచోట్ల చంటిపిల్లలకు కూడా పెద్దల అమరికతోనే స్కాన్ తీస్తున్నారు. పసివాడి పొట్ట సన్నం, కిరణాలు సులువుగా దాటుతాయి, పెద్దవాళ్ల మోతాదులో కొద్ది భాగం చాలు. ఆ తగ్గించే మీట యంత్రం మీద అప్పటికే ఉంది. చాలాచోట్ల దాన్ని తిప్పలేదు, అంతే. 2008లో అమెరికా రేడియాలజీ సంఘాలు కలిసి పిల్లల స్కాన్ మోతాదు తగ్గించే ఉద్యమం నడిపాయి. 2012లో బ్రిటన్ నుంచి, చిన్నతనంలో సీటీ తీయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం వెలువడింది. ముప్పు చిన్నదే గానీ లేకపోలేదని అది తేల్చింది.

అక్కడి నుంచి ఇంజనీర్ల దృష్టి మోతాదు వైపు గట్టిగా మళ్లింది. మొదటిది, ట్యూబులో కరెంటును శరీరాన్ని బట్టి తనంతట తాను మార్చుకునే ఏర్పాటు. భుజాల దగ్గర అడ్డంగా దాటాలంటే కిరణాలకు కష్టం, ముందు నుంచి వెనక్కి సులువు. గాలి నిండిన ఊపిరితిత్తుల దగ్గర ఇంకా సులువు. ట్యూబు ఒక చుట్టు తిరిగేలోపే కరెంటు పెరిగి తగ్గుతుంది. రెండోది వోల్టేజి. 120 కిలోవోల్టులు ఆచారంగా స్థిరపడి ఉండగా, బక్కపలచని మనిషికి 100, పిల్లలకు 80 చాలని తేలింది. నాళంలోకి ఎక్కించే అయొడిన్ మందు తక్కువ వోల్టేజిలో ఇంకా ప్రకాశంగా కనబడుతుంది కూడా.

మూడోదే అసలు మలుపు, అందులో ఒక పాత బాకీ తీరింది. 2008 తరవాత కంప్యూటర్లు బలిశాక, హౌన్స్‌ఫీల్డ్ వదిలిపెట్టాల్సి వచ్చిన ఊహించి దిద్దే దారికి కంపెనీలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కంప్యూటరు ఒక చిత్రాన్ని ఊహిస్తుంది. ఆ చిత్రమే నిజమైతే ఏ కొలతలు రావాలో లెక్కగడుతుంది. వచ్చిన కొలతలతో పోల్చి తేడాను దిద్దుతుంది. మళ్లీ ఊహిస్తుంది. ఏ కొలత తక్కువ చినుకులతో వచ్చిందో దానికి తెలుసు కనుక దాన్ని తక్కువగా నమ్ముతుంది. రామ్-లాక్ ఉలికి ఆ విచక్షణ లేదు. అన్ని కొలతలనూ ఒకే నమ్మకంతో చెక్కేది. ఈ విచక్షణ వల్ల సగం చినుకులతోనూ పాత నునుపు సాధ్యమైంది. పూర్తిస్థాయి పద్ధతులకు మొదట్లో ఒక్క స్కాన్‌కే చాలాసేపు పట్టేది. పైగా చిత్రం ప్లాస్టిక్ పూసినట్టుందని రేడియాలజిస్టులు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదును తేలిగ్గా తీసెయ్యకూడదు. నునుపు చేసే లెక్క, కాలేయంలో చుట్టూ ఉన్న కండకు కొద్దిగా మాత్రమే తేడాగా ఉండే చిన్న మచ్చను గరుకు అనుకుని చెరిపేయగలదు. గాలి నిండిన ఊపిరితిత్తిలో గడ్డ గరుకు చిత్రంలోనూ తేలుతుంది, కాలేయంలో తేలదు. కాబట్టి ఛాతీకి చెల్లిన తగ్గింపు పొట్టకు చెల్లదు. 2019 నుంచి మెరుగైన చిత్రాల మీద శిక్షణ పొందిన కృత్రిమ మేధ ఈ పని చేస్తోంది. వేగం వచ్చింది, ప్లాస్టిక్ నిగారింపు తగ్గింది. చిన్న మచ్చ గురించిన జాగ్రత్త మాత్రం అలాగే ఉంది.

ఫలితాలు అంకెల్లో చూడాలంటే గుండె స్కాన్ మంచి సాక్ష్యం. 2007లో, మళ్లీ 2017లో అంతర్జాతీయంగా లెక్కలు తీశారు. రెండోసారి 32 దేశాల్లోని 61 ఆస్పత్రులు పాల్గొన్నాయి. పదేళ్లలో మధ్యస్థ మోతాదు 78 శాతం తగ్గింది. వైద్య సాంకేతికతలో ఇంత మేలు అరుదు. ఆ నివేదికలోనే ఇంకో అంకె ఉంది, నాకు దానిమీదే ఎక్కువ ధ్యాస. అతి తక్కువ మోతాదు వాడిన ఆస్పత్రికీ అతి ఎక్కువ వాడిన ఆస్పత్రికీ మధ్య తేడా 37 రెట్లు. ఒకే ఏడాది, ఒకే పరీక్ష. ఇంత తేడాను యంత్రాల వయసొక్కటే వివరించలేదు. నడిపే చేతిలోనూ నడిపించే నియమంలోనూ చాలా ఉంది.

చెయ్యి తప్పితే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్‌లో బయటపడింది. మెదడు రక్తప్రసరణ చూసే స్కాన్‌కు ఒక పెద్ద ఆస్పత్రి 2008లో అమరిక మార్చింది. పద్దెనిమిది నెలల పాటు 206 మంది రోగులకు ఉండాల్సిన దానికి ఎనిమిదింతల మోతాదు పడింది. కొందరికి తల చుట్టూ పట్టీలా జుట్టు రాలింది. అలా జుట్టు రాలిన రోగి వల్లే 2009లో సంగతి తెలిసింది. యంత్రం తెర మీద ప్రతిసారీ మోతాదు అంకె కనబడుతూనే ఉంది. ఆ తరవాత కాలిఫోర్నియా, సీటీ మోతాదును రోగి రిపోర్టులో రాసి తీరాలని చట్టం చేసింది. అది 2012 జూలై నుంచి అమలైంది.

ఇటీవలి మెట్టు, చినుకులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే యంత్రం. అంతదాకా డిటెక్టరులో పడిన ఎక్స్‌రే ముందు వెలుగుగా మారి, ఆ వెలుగు కరెంటుగా మారేది. ఒక్కో చినుకు జాడ విడిగా మిగిలేది కాదు, మొత్తం తడి మాత్రమే తెలిసేది. కాడ్మియం టెల్యురైడ్ స్ఫటికంలో పడిన ఫోటాన్ నేరుగా ఒక విద్యుత్ స్పందన అవుతుంది. ఆ స్పందన ఎత్తును బట్టి అది ఎంత శక్తిగల ఫోటానో కూడా తెలుస్తుంది. ఒక గీత గీసి, దానికి దిగువన ఉండే యంత్రం సొంత గురగురను లెక్కించకుండా వదిలేయవచ్చు. సీమెన్స్ తయారు చేసిన అలాంటి మొదటి యంత్రానికి 2021 సెప్టెంబరులో అమెరికా అనుమతి దొరికింది. ధర ఎక్కువ. జిల్లా కేంద్రాలకు రావడానికి ఇంకా కాలం పడుతుంది.

మన దగ్గర సీటీ గది కట్టాలన్నా యంత్రం నడపాలన్నా అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. 1983 నవంబరులో ఏర్పడిన సంస్థ అది. గోడ మందం, తలుపులో సీసం రేకు, రేడియేషన్ భద్రతాధికారి, యంత్రానికి నియమిత కాలంలో నాణ్యత పరీక్ష, అన్నిటికీ నిబంధనలున్నాయి. టెక్నీషియన్ ఛాతీ మీద చిన్న బ్యాడ్జి వేలాడుతుంది. మూడు నెలలకోసారి దాన్ని పంపి, అతనికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క తీస్తారు. అతని హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. గోడకు ఇవతల నిలబడ్డ మనిషికి ఇంత లెక్క ఉంది. గోడకు అవతల బల్ల మీద పడుకున్న మనిషికి అలాంటి హద్దు లేదు, ఉండకూడదు కూడా. పక్షవాతం వచ్చిన మనిషికి హద్దు దాటిందని స్కాన్ ఆపితే ప్రాణం పోతుంది. కానీ హద్దు లేకపోవడం వేరు, లెక్కే లేకపోవడం వేరు. నెలలో మూడు ఆస్పత్రులు తిరిగి మూడుసార్లు పొట్ట స్కాన్ తీయించుకున్న మనిషికి ఎంత పడిందో కూడి చెప్పే పుస్తకం నాకు తెలిసి మన దగ్గర లేదు. రెండు మూడు పొట్ట స్కాన్‌లతోనే ఆ మొత్తం టెక్నీషియన్ ఏడాది హద్దు దగ్గరికి చేరుతుంది.

ఇంకొక చిన్న విషయం, స్కానింగ్ గదుల బయట తెలియనిది. రోగిని గుండ్రటి ద్వారం సరిగ్గా నడిమధ్యన ఉండేలా బల్ల ఎత్తు సర్దాలి. నడుమ ఎక్కువ కిరణాలు, అంచున తక్కువ పడేలా ట్యూబు ముందు ఒక వడపోత ఉంటుంది. మనిషి రెండు మూడు అంగుళాలు కిందికి దిగితే ఆ వడపోత లెక్క తప్పుతుంది. కొన్నిచోట్ల మోతాదు పెరుగుతుంది, చిత్రంలో గరుకూ పెరుగుతుంది. కోట్ల రూపాయల యంత్రం, దశాబ్దాల గణితం సాధించిన ఆదాలో కొంత, బయట అరవై మంది ఎదురుచూస్తున్నారన్న తొందరలో ఆ రెండు అంగుళాల దగ్గర జారిపోతుంది. మంచి టెక్నీషియన్లు లేజరు గీతను రోగి చంక కింద మధ్యకు తెచ్చేదాకా ఊరుకోరు. వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

కాకర్ల సుబ్బారావు 1986లో ఎన్.టి. రామారావు పిలుపు మీద అమెరికా ఉద్యోగం వదిలి వచ్చి, ఎముకల ఆస్పత్రిగా మొదలైన నిమ్స్‌ను పెద్ద వైద్య సంస్థగా తీర్చిదిద్దారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు. తన పేరిట ట్రస్టు పెట్టి, పెద్ద వయసులోనూ యువ రేడియాలజిస్టులకు పాఠాలు చెప్పించారు. 2021 ఏప్రిల్ 16న హైదరాబాదులో తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు. స్కాన్ గదుల ముందు వరసలు పెరుగుతున్న వారాలవి. మూడు వందలా ఐదా అన్న వాదం ఆయన వృత్తిలో మొదలవడానికి ఇంకా పదిహేడు రోజులుంది.

ఆ వసంతంలో తీసిన స్కాన్ కవర్లు భవానీపురం ఇళ్లలో ఇప్పటికీ పరుపుల కింద, బీరువాల పైన ఉన్నాయి. ఊపిరితిత్తుల చిత్రాలూ స్కోరూ అందరూ చూసినవే. ప్రతి స్కాన్‌కూ యంత్రం ఇంకో పేజీ కూడా తయారు చేస్తుంది. కొన్నిచోట్ల అది ఆఖరి ఫిల్మ్ మూలన చిన్న అక్షరాల్లో అచ్చవుతుంది, చాలాచోట్ల కంప్యూటరులోనే ఉండిపోతుంది. అందులో డీఎల్‌పీ అనే మూడక్షరాల పక్కన మోతాదు అంకె ఉంటుంది. ఛాతీ స్కాన్ అయితే దాన్ని 0.014తో గుణించాలి. 500 ఉంటే 7 మిల్లీసీవర్ట్‌లు. 100 ఉంటే 1.4. పది పదిహేను ఉంటే ఐదు నుంచి పది ఎక్స్‌రేల మాట ఆ ఇంటికి నిజం. ఆ మూలన అచ్చయి ఉంటే, ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే చాలు, అంకె కనబడుతుంది.